తెల్లనాచు గుట్ట

ఉమెయో విశ్వవిద్యాలయం, జూన్

ప్రియమైన తమ్ముడు అస్లాక్‌కి,

మంద తోలుకుని నువ్వు కొండలెక్కే లోపే ఈ మాట చెప్పాలి. మన రెయిన్‌డీర్లు చలికాలం మేసే గుట్ట మీద, పైన్ చెట్ల మధ్య చిన్న మడులు గీసి, గుంజలు పాతి, నత్రజని ఎరువు చల్లబోతున్నాం. మన ఉత్తరాది అడవి నేలకు అదే కరువు. అది అందితే చెట్లు ఏపుగా ఎదిగి, నేలలో కర్బనం ఎక్కువ నిలుస్తుందంటారు. నిజమో కాదో తేల్చడం నా పని. కోపం తెచ్చుకోకురా.

నీ అక్క,
రిస్తిన్

అక్కా,

కోపమా? యోన్నా మామయ్య అయితే ఒకటే నవ్వు. "నా మేనకోడలు అడవికి అన్నం పెడుతోందట, కూర కూడా వండమను!" అన్నాడు. కానీ మంచు తవ్వుకుని మంద తినేది నేల మీది తెల్లనాచే కదా. ఎరువుకి గడ్డి కూడా ఏపుగా లేచి కమ్మేస్తే నాచు బతుకుతుందా? అది కూడా చూడు.

అస్లాక్

ఉమెయో, ఐదేళ్ల తర్వాత, సెప్టెంబర్

ప్రియమైన తమ్ముడూ,

చెట్లు లావెక్కాయి. కర్బనమూ పెరిగింది. చల్లిన మడుల్లో నాచు మాత్రం చచ్చిపోయింది.

ఖర్చు భరించిన కలప కంపెనీ ఇక గుట్టంతా హెలికాప్టర్‌తో చల్లుతానంది. "నాచు సంగతి ఇప్పుడెందుకమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు వాళ్ల పెద్దమనిషి. "రెండూ జరిగింది ఒకే నేలలోనండీ" అని, కంపెనీ వాళ్లు, ఊరివాళ్లు కూర్చున్న సభలో రెండు ఫలితాలూ చదివాను. చల్లడం ఆగింది, గుట్ట దక్కింది. కంపెనీ డబ్బు ఆపేసింది, నా ప్రయోగం పోయింది. వచ్చే వారం వచ్చి గుంజలు పీకేస్తాను. ఆ మడుల వైపు మళ్లీ చూడాలని లేదు.

రిస్తిన్

అక్కా,

గుంజలు పీకకు.

నిన్న మడుల దగ్గరికి వెళ్లాను. మందకు ముందు నడిచే ఆడ రెయిన్‌డీర్ ఒకచోట వాసన చూసి, ఒక్కసారి గిట్టతో గీరి, పక్కకు వెళ్లిపోయింది. కాసేపు నీ మీద మండిపోయాను. దాచను.

తర్వాత దక్షిణపు గుట్టల్లో మందలు కాసేవాళ్లు గుర్తొచ్చారు. అక్కడ ఎప్పుడో చల్లేశారు. "మళ్లీ నాచెప్పుడొస్తుంది?" అని వాళ్లు అడిగితే చెప్పేవాళ్లు లేరు. చల్లడం ఆపాక ఏమవుతుందో చూడాలి కదా అక్కా. మన కాలంలో తేలకపోవచ్చు. అయినా ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

మంద తొక్కకుండా చుట్టూ కంచె వేశాం. మామయ్య గొణుగుతూనే మేకులన్నీ కొట్టాడు. జీతం ఇవ్వలేం గానీ పడుకోవడానికి చోటుంది, ఎండుమాంసం, కాఫీ ఉన్నాయి. రా.

మోకాళ్ల మీద కూర్చుని ప్రతి మడీ వెతికాను. నాచు ఎక్కడా లేదు.

చల్లడం ఆపాక మొదటి ఏడాది ఇదీ అని రాసుకో.

నీ తమ్ముడు,
అస్లాక్