ఈరమ్మ గుర్తుపట్టిన లారీ

ఆదివారం రాత్రి, ఆదోని

లోకం అంతమయ్యాక మిగిలిన లారీ. నేను కడుతున్న ప్లాస్టిక్ బొమ్మ లారీ కిట్ పెట్టె మీద ఇంగ్లీషులో రాసింది అదే. తుప్పు రంగు బాగానే కుదిరింది గానీ, పైన సామాను నమ్మేట్టు లేదు. అందుకే పోయిన నెల కోసిగిలో, సుగ్గికని, అంటే కోతల కూలికని, వలసపోతున్న కుటుంబాల లారీని ఫోన్‌లో ఫొటో తీసుకొచ్చాను. అప్పుడు ఒకామె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను ఆగలేదు. ఆ చిరుగుల టార్పాలిన్, మూటలు, బిందె అచ్చం అట్లాగే చేసి అతికించాను.

పొద్దున గది ఊడవడానికి వచ్చిన ఈరమ్మ వంగి చూసింది. మొహం వెలిగిపోయింది.

"ఇది మా సుగ్గి లారీ కదన్నా! పెండ్లికి ముందు ఏటా పోతాంటిమి. బిందె ఈడ కట్టరు, కుదుపుకు పిల్లోళ్ల మీద పడ్తాది. క్యాబిన్ ఎనక కట్టాల. అవునూ, మనుషుల్ని యాడ కూసోబెడ్తావు?"

ఇంకా చేయలేదన్నాను. అబద్ధం. ఈ లారీలో మనుషులుండరు.

బిందెను తర్వాత క్యాబిన్ వెనక్కి మార్చాను. కానీ రాయాలనుకున్నది అది కాదు. ఈరమ్మకు ఇంగ్లీషు చదవడం రాదు. అయినా ఆమె మాట్లాడుతుండగానే నా చెయ్యి పోయి, పేరు కనబడకుండా ఆ పెట్టెను బోర్లించింది.