మార్కుల వరుస

చిరంజీవి మా పెద్దమ్మాయికి నాన్న దీవెనలు.

ఇక్కడ నేనూ మీ అమ్మా బాగానే ఉన్నాం, మా మోకాళ్లు తప్ప. నువ్వు పోరుపెట్టినట్టే కళ్లజోడు మార్పించాను. ఇప్పుడు పేపర్లో అబద్ధాలు ఇంకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. అల్లుడికి దగ్గు తగ్గిందన్నావు, సంతోషం.

ఇక నీ అసలు ప్రశ్న. బడిలో ఉచిత భోజనానికి పిల్లల్ని మార్కుల వరుసలో నిలబెడితే చదువు మీద ఆసక్తి పెరుగుతుందా అని అడిగావు. సోమవారం మీ టీచర్ల మీటింగులో తేల్చాలట. "మీ వ్యాసం చూపించి అందర్నీ ఒప్పిస్తాను నాన్నా" అని కూడా రాశావు. పిచ్చితల్లీ, ఆ ముక్క చదివినప్పటినుంచి నాకు తిండి సయించడం లేదు.

నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు మా బడిలో ఇదే మార్కుల వరుస పెట్టి, దాని గురించి రాసిన ఆ వ్యాసాన్ని తనిఖీ అధికారి మెచ్చుకుని అన్ని బళ్లకూ పంపించాడు. పిల్లలు తినే వేళకు ఆ మహానుభావుడు ఒక్కనాడూ వచ్చిన పాపాన పోలేదు. వేదికెక్కితే మాత్రం ఆకలి గురించి గంటసేపు మాట్లాడేవాడు, మధ్యలో రెండుసార్లు టీ తాగి. అతన్ని తిట్టడానికి నాకింకా ఓపిక ఉంది. కానీ ఈసారి తిట్లు నాకే చెందాలి.

మొదటి పదిమందికి మార్కులు పెరిగాయని రాశాను. నిజమే. చివరి పదిమందికి పడిపోయాయి. అది రాయలేదు.

వరుస చివరికి వచ్చేసరికి గిన్నెలో అడుగూబొడుగే మిగిలేది. చివర ఎప్పుడూ ఒకే పిల్ల, బట్టలు కుట్టే ఆవిడ కూతురు. మా బడి వంటావిడ ఆ పిల్లకోసం ఒక పళ్లెం నింపి, మూతపెట్టి, పక్కన దాచేది. ఒకరోజు పట్టుకున్నాను.

"ఏంటమ్మా ఇది?"

"ఆకలికి మార్కులేంటి సార్? మీరు క్యారేజీ విప్పేటప్పుడు మిమ్మల్నెవరైనా ఎక్కాలు అప్పజెప్పమన్నారా?"

టీచర్లు పక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ అక్కసుతో, ఆ పళ్లెంలోది అందరి ఎదుటా మళ్లీ గిన్నెలో పోయించాను. "నాకు ఆకల్లేదులెండి సార్" అని ఆ పిల్ల క్లాసులోకి వెళ్లి కూర్చుంది. మర్నాడు వచ్చింది గానీ తినలేదు. వారం తిరిగాక బడికే రాలేదు. నాలుగు వీధుల అవతలున్న వాళ్లింటికి నేను వెళ్లలేదు. హాజరుపట్టీలో పేరు కొట్టేసి, ఆ నెలలోనే వ్యాసం మొదలుపెట్టాను. అందులో 'క్రమశిక్షణ' అన్న మాట పదకొండుసార్లు ఉంది.

ఆకలి గురించి నా దగ్గర నాలుగు బీరువాల పుస్తకాలున్నాయమ్మా. అన్నీ చదివాను.

ముందు కడుపునిండా పెట్టండి, చిన్నవాళ్లతో మొదలుపెట్టి. చదువు మీద ఆసక్తి పుట్టించడం మన పని. దాన్ని వంటగది మీదికి తోయకండి. నువ్వు నాకంటే మంచి టీచరువి, పైకి ఎప్పుడూ అనలేదు గానీ.

సోమవారం ఆ వ్యాసం తీయకు. ఈ ఉత్తరం చదువు. మా నాన్న రాశారని చెప్పి మరీ చదువు. పళ్లెం సంగతి దాటెయ్యకు.

ఇట్లు,
నిన్ను చూసి మురిసిపోయే, తన మీద తనకే కోపం చల్లారని
మీ నాన్న