పెట్టెలో పెట్టిన నల్ల అట్ట పుస్తకం

తమ్ముడూ,

నువ్వు పోయి నేటికి పదకొండు నెలలు. ఎలా ఉన్నావని అడగను...

ఒక మామూలు ఉదయం ఊరికే గుర్తొస్తోంది. సుబేదారి పేటలో మన ఇంట్లో స్టవ్ మీద పాలు. ముందుగదిలో బాపు కళ్లు మూసుకుని కుటుంబ ప్రార్థన చేస్తున్నాడు. నువ్వు నీ లెక్కల పుస్తకంలో పెన్సిల్‌తో గీస్తున్నావు. బాపు కనిపెట్టకూడదని దానికీ నీ బైబిల్ లాగే నల్ల అట్ట కట్టించావు. "బాపు కండ్లు మూసినంతసేపే నా లెక్కలు నడుస్తయ్ అక్కా" అనేవాడివి.

ఆమెన్ అయ్యాక వంటింట్లోకి వచ్చావు. "గీ పాలు దింపితే సల్లబడ్తయ్. బ్లాక్ హోల్ అట్ల గాదు, వేడి పోతున్నకొద్ది ఇంకింత కాగుతది. సుట్టూ లోకం ఉబ్బుకుంట పోతాంది గద, ఆ లోకం అంచుకు గూడ ఓ వేడున్నది. రెండిటికి పొత్తు కుదరది. బ్లాక్ హోల్ ఏడ నిలబడ్తది, ఏడ నీళ్లు ఆవిరైనట్టు ఒక్కపారే మాయమైతది... గా జాగ నాకు దొరికిందక్కా!"

నాకు సగమే అర్థమైంది. పాలు పొంగిపోయాయి.

తర్వాత నీకు కామెర్లు. దవాఖానలో పది రోజులు.

శవపెట్టె మూసేముందు పోయినవాళ్ల చేతుల్లో వాళ్ల బైబిల్ పెడతాం కదా. నీ దిండు పక్కనున్న నల్ల అట్ట పుస్తకాన్ని నేనే పెట్టాను. తెరిచి చూడలేదు. ఎందుకు చూడలేదు?

తన కొడుకు దేవుని వాక్యాన్ని గుండెకు హత్తుకుని పోయాడని బాపు సమాధి దగ్గర సాక్ష్యం చెప్పాడు. ఇప్పటికీ చర్చిలో చెబుతూనే ఉన్నాడు.

ఈ ఉదయం యూనివర్సిటీ నుంచి మీ మాస్టారు వచ్చారు. నీ పేరుతో పరిశోధన పేపరు అచ్చుకు పంపుతారట. ఆఖరి లెక్క నల్ల అట్ట పుస్తకంలో ఉందట. అది లేకపోతే రేపు ఇంకెవరో ఆ లెక్క కట్టి తమ పేరు వేసుకుంటారట. వెతికి పెడతానన్నాను. నీ ట్రంకుపెట్టె తెరిస్తే, అడుగున నీ బైబిల్ ఉంది.

సాయంత్రం దాన్ని బాపు ముందు, మన తమ్ముడు చిన్నోడి ముందు పెట్టాను. సమాధి తెరిపిద్దామన్నాను. చెమ్మకు ఏం మిగిలిందో తెలియదు, అయినా అడిగాను. చిన్నోడు లేచి వీధి తలుపు మూశాడు. బాపు నీ బైబిల్ మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు.

ఆమెన్ అయ్యేసరికి నిర్ణయమైపోయింది. సమాధి తెరవకూడదు. ఈ బైబిల్ ఎవరి కంటా పడకూడదు. అలాంటి లెక్కల పుస్తకం ఈ ఇంట్లో ఎన్నడూ లేదని రేపు మాస్టారికి చెప్పాలి.

చెప్పేది నేను. ఇంట్లో అబద్ధమాడదని పేరున్నది నాకే కదా.

అక్క