గుజ్జు కాని పుస్తకం

ఖరగ్‌పూర్, ఖరిదాలో కాపురముంటున్న సుందర్ రాజు గారి భార్య దేవమణి అనే నేను, డెబ్బై ఒకటో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. బీపీ మాత్ర వేసుకున్నాను. పొద్దున్న ఏం తిన్నానో గుర్తుంది. బుద్ధి సరిగ్గానే ఉందనడానికి ఇంతకన్నా రుజువు నా దగ్గర లేదు.

దీన్ని అమలు చేసే బాధ్యత నా చెల్లెలి కొడుకు టోనికి అప్పగిస్తున్నాను. నేను పోయేదాకా ఈ కాగితం సాక్షి సిరిల్ దగ్గర ఉంటుంది. టోని దీన్ని మా ఇంట్లో చదవకూడదు. చనిపోయిన ఎర్రయ్య ఇంట్లో, ఆయన భార్య అప్పలనర్సమ్మ, కొడుకు బుజ్జిబాబు ఎదుట చదవాలి. ఎందుకో ఐదో అంశంలో రాశాను.

1. నా మనవరాలు తబితకు కాగితపు గుజ్జు బొమ్మలు చేసే నా వెదురు చెక్కలు, అంచు అరిగిన స్టీలు చెంచా, ఆరబెట్టే జల్లెడ. కాగితం రెండు రాత్రులు నానాలి తల్లీ, తొందరపడకు. ప్రేమ్ బజార్లో అద్దె గదులు ఖాళీ చేసే కాలేజీ పిల్లలు వదిలేసిన నోట్సు మెత్తటి గుజ్జవుతుంది. సుద్దపొడి కొంచెం కొంచెంగా కలుపు. ముద్ద చేతికి అంటకుండా వచ్చేదాకా పిసుకు. మా ఇంట్లో ఈ పనికి పుట్టిన చేతులు నీవే, అందుకే నువ్వంటే నాకు ప్రాణం.

2. ఆడపడుచు రెబెక్కాకు నా గుజ్జు బకెట్. ముప్ఫై ఏళ్ళుగా నా పనిని చెత్త కాగితాల పిచ్చి అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. కడగకుండానే ఇవ్వండి.

3. నా భర్తకు బీరువా మీది పదకొండు బొమ్మలు. వాటిలో ఏడింటిని ఆయన ఇప్పటికే కోసేశారు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఫిబ్రవరిలో మాటా మాటా పెరిగి, ఒకప్పుడు ఆయన నానబెట్టమన్న పుస్తకం గుజ్జు కాలేదని అనేశాను. అప్పటినుంచి కొన్ని ఆదివారాలు నేను చర్చికి వెళ్ళి వచ్చేసరికి ఏదో ఒక బొమ్మ నడిమికి తెగి ఉంటోంది. అడిగితే ఎలుకలంటారు. రంపం పట్టే ఎలుకలు మా ఖరిదాలోనే ఉన్నట్టున్నాయి. మిగిలిన నాలుగూ ఆయన తీరిగ్గా కోసుకోవచ్చు. వాటిలో ఏమీ లేదు.

4. నా శరీరాన్ని మా అమ్మ సమాధి పక్కన పెట్టండి. పెట్టేముందు బయటి డాక్టరుకి చూపించాలి. పెద్దావిడ, వయసైపోయింది అంటే టోని ఒప్పుకోకూడదు. మైదా బంకకు పురుగు పట్టకుండా నేను చిటికెడు మైలుతుత్తం వేస్తాను. బొమ్మ చేసి నాలుగు నెలలైంది, ఆ విషం డబ్బా మాత్రం తేలికవుతోంది. నలభై ఎనిమిదేళ్ళలో స్టవ్ వెలిగించని మనిషి నెల రోజులుగా సాయంత్రం టీ పెట్టి తెస్తున్నారు. నేను దాన్ని క్రోటన్ కుండీలో పోస్తున్నాను. క్రోటన్ ఎండిపోయింది. ఎవరి మీదా నింద వేయడం లేదు, చూసింది రాస్తున్నాను.

5. ఇక ఆ పుస్తకం సంగతి. 2003లో నా భర్త ఊరవతల ఒక ప్రైవేటు ఫౌండ్రీలో సూపర్‌వైజరు. ఎర్రయ్య అక్కడ క్రేన్ పని చేసేవాడు. గొలుసు తెగి బరువు మీద పడి చనిపోయాడు. తాగి వచ్చి కింద నిలబడ్డాడని నా భర్త చెప్పారు, ఊరంతా నమ్మింది. ఆ సాయంత్రమే క్రేన్ తనిఖీ పుస్తకం ఇంటికి తెచ్చి, "నీ బకెట్లో నానబెట్టీ. గుజ్జయిపోవాల," అన్నారు.

నేను ముందు తెరిచి చూశాను. ఎర్రయ్య బాల్ పెన్ను రాత: "గొలుసు రెండో కడియం పగిలింది. మార్చమని చెప్పినాను." ఆ నెలలో అదే మాట మూడుసార్లు ఉంది. మూడింటి కిందా నా భర్త సంతకం ఉంది. బకెట్లో పాత క్యాలెండర్లు వేసి పిసికాను. ఆయన చెయ్యి పెట్టి చూసి తృప్తిపడ్డారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పెళ్ళాం పట్టుకుంది. పట్టుకుని ఏం చేసింది? ఇరవై రెండేళ్ళు నోరు మూసుకుంది.

ఆ ఏడు అమ్మవారి పూజకు అప్పలనర్సమ్మ ఏడేళ్ళ బుజ్జిబాబుని తీసుకొచ్చింది. వాళ్ళ నాన్నలా పులివేషం కడతానంటున్నాడని, ముఖం చేసిపెట్టమని అడిగింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "అమ్మగారూ, మా ఆయన ఆరోజు తాగనేదు," అంది. నేను తల ఊపాను. అంతే. మొగుడు జైలుకు పోతాడని భయపడ్డాను. ఆ పిల్లవాణ్ణి బళ్ళో తాగుబోతు కొడుకని పిలుస్తున్నారని తెలిసీ భయపడ్డాను. నన్ను క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

ఆ పులి ముఖాన్ని గుజ్జుతో చేయలేదు. పుస్తకంలోని పేజీలు ముక్కలు చేయకుండా ఒకదాని మీద ఒకటి అతికించి, పైపైన మాత్రం పల్చగా గుజ్జు పూసి రంగు వేశాను. బుజ్జిబాబూ, నువ్వు దాన్ని పెట్టుకుని ఆడినప్పుడు మీ నాన్న రాత నీ చెంపలకి ఆనుకునే ఉంది. ఇప్పుడది మీ గుమ్మం మీద వేలాడుతోంది. నా భర్త దాని కిందుగానే వచ్చి మీ ఇంట్లో పండగ భోజనం చేసి వెళ్ళారు.

దాన్ని దించండి. బోర్లించి, లోపలివైపు తడిసేలా బేసిన్లో గోరువెచ్చని నీళ్ళలో పెట్టండి. గంట ఆగి, పల్చటి చాకుతో ఒక్కో పొర లేపండి. మైదా బంక వదిలేస్తుంది. బాల్ పెన్ను రాత నీళ్ళకు పోదు. ఆ పేజీలు అప్పలనర్సమ్మవి. ఎవరికి చూపించాలో ఆమె ఇష్టం.

6. ఇదంతా నేను పోయాక చదవాలని మొదలుపెట్టాను. ఇక్కడికొచ్చేసరికి సిగ్గేసింది. పోయాక చూపించే ధైర్యం ఒక ధైర్యమా? రేపు ఆదివారం. చర్చికన్నట్టే బయల్దేరి అప్పలనర్సమ్మ ఇంటికి వెళ్తాను. నా ఎదురుగానే నీళ్ళు పెట్టిస్తాను. అది జరిగితే ఈ కాగితాన్ని సిరిల్ దగ్గర తీసుకుని నేనే నానబెట్టేస్తాను.

టోనీ, ఇది నీ చేతికి వచ్చిందంటే నేను అక్కడికి చేరలేదు. నువ్వు వెళ్ళు. నీళ్ళు మరగకూడదు, గోరువెచ్చగా చాలు.

తేదీ: 22 నవంబరు 2025, శనివారం
ఖరగ్‌పూర్

(సంతకం) దేవమణి

ఆమె మా ఎదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:
1. సిరిల్, ఇందా పేట నివాసి
2. చిలకమ్మ, పక్కింటి నివాసి, ఖరిదా