ఐదు స్టార్ల కొండ

ఓరిన్,

వాగు పక్కనున్న మన డిస్క్ గోల్ఫ్ మైదానాన్ని, మనం డిస్కులు బుట్టల్లోకి విసిరి ఆడుకునేదాన్ని, తీసేసి, ఆ కొండమీది రిసార్టులో ఉన్నటువంటిది కట్టిద్దామని పార్కు కమిటీలో నువ్వే అన్నావట. నెట్‌లో ఆ రిసార్టు మైదానానికి ఐదు స్టార్లు ఇచ్చిందీ నువ్వేగా! ఎందుకిచ్చావో నాకు తెలుసురా, ఆ రోజు పక్కనే ఉన్నాను. నువ్వు విసిరిన డిస్కు పైన్ చెట్టుకు కొట్టుకుని, పక్కకు ఎగిరి, ఒక్క విసురుకే బుట్టలో పడింది. "చూశావా అక్కా, మైదానమంటే ఇదీ!" అని గంతులేశావు. అలా ఒక్క విసురుకే పడితే చూసినవాళ్లంతా ఆ డిస్కు మీద సంతకం పెట్టడం ఆనవాయితీ కాబట్టి నేనూ పెట్టాను. అది నీ అదృష్టానికి పెట్టిన సంతకం, ఆ మైదానానికి కాదు.

అక్కడ సరస్సు కనిపించే మలుపు ఒక్కటే బాగుంటుంది. ఫొటోల్లో ఉండేదీ అదే. అక్కడి పొదల్లో పోయిన నీ నీలం డిస్కు వెనక పేరు, ఫోన్ నంబరు రాసే ఉన్నాయి కదా, ఇంతవరకు ఒక్కరైనా ఫోన్ చేశారా?

నిరుడు మన వాగులో పడిపోయిన నీ నారింజ రంగు డిస్కు మొన్న దొరికింది. మంచు కరిగి వచ్చిన నీళ్లు తగ్గాక మార్వా పిన్ని కుక్కకు స్నానం చేయిస్తుంటే కాలికి తగిలిందట. నంబరు చెరిగిపోయింది, పేరు మాత్రం మిగిలింది. "మన ఓరిన్‌గాడి డిస్కేనే" అంటూ పేరు చూసి ఇంటికి తెచ్చిచ్చింది.

దాన్ని పోస్టులో పంపను. శనివారం పొద్దున మూడో బుట్ట దగ్గరికి రా, పిన్ని చేతే నీకిప్పిస్తాను. అది పట్టుకుని, ఆవిడ మొహం చూస్తూ చెప్పు, ఈ మైదానం తీసేయాలని.

అక్క