ఇద్దరు హెచ్. కేలబ్‌లు

ఆగస్టు 4, సోమవారం

ఏడింటికే ఫైళ్ళు వచ్చి పడ్డాయి. మా క్లయింట్ అమెరికా జట్టుది రెండు గంటల ప్రాక్టీసు వీడియో, పదకొండు మంది రిసీవర్లు, అంటే బంతి అందుకునేవాళ్ళు. ఎవరికి బంతి వేశారు, పట్టాడా, వదిలేశాడా... ఒక్కో బంతికి ఆగడం, చూడడం, పేరు మీద నొక్కడం. మధ్యాహ్నానికి వేళ్ళు పీకేస్తున్నాయి.

హైదరాబాదు నుంచి మా లీడ్ సురేంద్ర మీటింగు పెట్టి ఒకటే ఊదర. "ముందు వరస ముగ్గురూ ఖాయమమ్మా. క్లయింట్ బాధంతా వెనక వరస గురించే. ముందున్నోడి కాలు బెణికితే ఆడేదెవరు? అది తేల్చేది మన రిపోర్టే."

అమ్మా అంటాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న.

ఆగస్టు 7

అత్తయ్య సీరియల్ మానేసి నా పక్కన కుర్చీ వేసుకుంది. గోంగూర తుంచుతూ చూస్తోంది. ఈ ఆటేందో చెప్పమని పోరు. చెప్పాను — అమెరికా వాళ్ళ ఫుట్‌బాలు, పేరుకే ఫుట్టు, అంతా చేతులతోనే. ఒకడు విసురుతాడు, వీళ్ళు పరిగెత్తి పట్టుకోవాలి. జట్టులో ఇప్పుడు తొంభై మంది. నెలాఖరుకి యాభై ముగ్గురే ఉంటారు. మన పదకొండు మందిలో ఆరుగురు మిగిలితే గొప్ప.

"మిగిలినోళ్ళనేం జేత్తారే?"

"ఇంటికి పంపేస్తారు."

"విస్తరేసి లెమ్మంటారన్నమాట."

అప్పుడే ఒకణ్ణి ఎంచుకుంది కూడా. చివర్లో నిలబడే పొట్టివాడు. జట్టు వెబ్‌సైటులో చూస్తే పేరు కేలబ్ హెండ్రీ. ముందు వరసలో ఇంకో కేలబ్ ఉన్నాడు, కేలబ్ హార్లన్. అతను స్టారు. ఈవిడకి స్టారు అక్కర్లేదు. "మా పొట్టోడేడే?" అంటుంది వీడియో తెరవగానే.

ఆగస్టు 8

వరలక్ష్మీ వ్రతం. రోజంతా సెలవడిగితే సగం పూట ఇచ్చారు. పేరంటానికి వచ్చి మా ఆడపడుచు — "ఇంట్లో కూకోని బంతులాట చూత్తే జీతమిత్తారంటగా వదినా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్ళు మండిపోయింది.

ఆగస్టు 14

పొట్టివాడు ఇవాళ ఐదు పట్టాడు. ఒకటైతే నేలకి జానెడు ఎత్తులో. అత్తయ్య చప్పట్లు కొడితే ఒళ్ళో గోంగూర కాడలన్నీ కీబోర్డు మీద పడ్డాయి.

ఆగస్టు 19

ఇప్పటిదాకా అయిన రిపోర్టు మాకూ పంపారు, చూసుకోమని.

"మా పొట్టోడికి ఎన్ని మార్కులే?"

క్లయింట్‌కి వెళ్ళే రిపోర్టులో పేర్లు పూర్తిగా ఉంటాయి. కేలబ్ హెండ్రీ దగ్గర వెతికాను. వేసిన బంతులు సున్నా. పట్టినవి సున్నా. తక్కువ కాదు, అసలు లేవు. మనిషి మైదానంలోకే రానట్టు.

"కళ్ళారా చూశాం గదే!" అంది అత్తయ్య. చూశాం. నేను నొక్కాను కూడా. మరి ఎక్కడికి పోయాయి?

ఆగస్టు 20

దొరికింది. కోపంతోనే రాస్తున్నాను.

పేర్ల జాబితా. జట్టు వాళ్ళు తమ పద్ధతిలోనే పంపారు — సొంత పేరు ముందు, ఇంటిపేరు వెనక. సురేంద్ర దాన్ని మన పద్ధతికి తిప్పాడు. ఇంటిపేరుని పొడి అక్షరం చేసి ముందు పెట్టాడు, సొంత పేరు పూర్తిగా ఉంచాడు. మన హాజరుపట్టీలో రాసుకున్నట్టే. కేలబ్ హార్లన్ హెచ్. కేలబ్ అయ్యాడు. కేలబ్ హెండ్రీ కూడా హెచ్. కేలబ్ అయ్యాడు. జెర్సీ నంబర్లు అసలు వెయ్యనే లేదు.

మేం నొక్కే చోట హెచ్. కేలబ్ రెండుసార్లుంది, ఒకదాని కింద ఒకటి. ఇద్దరు కేలబ్‌లున్నారని తెలిసీ, హడావిడిలో ఒకే పేరు పొరపాటున రెండుసార్లు పడిందనుకుని అందరం పైది నొక్కాం. పైది స్టారుది. పొట్టివాడు పట్టిన ప్రతి బంతీ ఆయన పేరు మీదకే పోయింది.

నేను నొక్కినవీ పోయాయి. వాడు పట్టాడని సంతోషిస్తూ, వాడి మొహం చూస్తూ, పైది నొక్కాను. సిగ్గుగా ఉంది.

ఆగస్టు 21

సురేంద్రకి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. తర్వాత —

"మీరన్నది కరెక్టే లక్ష్మి గారూ. ఇప్పుడు చెప్తే మిగతా రిపోర్టులు కూడా నమ్మరు. కాంట్రాక్టు పోద్ది."

"ఆ అబ్బాయి ఉద్యోగం పోతుంది సర్."

"వాళ్ళ కోచ్‌లకి కళ్ళు లేవా? చూసుకుంటార్లెండి."

వాళ్ళ కళ్ళే చాలితే మనకి జీతాలెందుకు? నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకాగాలి? జాబితా చేసింది తను. తన తప్పు బయటపడకూడదు, అంతే. కాంట్రాక్టు లేదు, గాడిదగుడ్డు లేదు.

మా ఆయన కొట్టు నుంచి భోజనానికొచ్చి, "ఎవుడో అమెరికావోడి కోసం ఉన్న ఉద్యోగం పోగొట్టుకుంటావా?" అన్నాడు. మజ్జిగ గిన్నె ఆయన ముందుకు తోసి లేచొచ్చేశాను. వేసుకోనీ.

ఆగస్టు 22

పాత వీడియోలన్నీ మళ్ళీ మొదటి నుంచి. అత్తయ్య వేళ్ళు మడుస్తోంది, నేను రాస్తున్నాను. పొట్టివాడికి వేసినవి ముప్పై నాలుగు. పట్టినవి ముప్పై ఒకటి.

ఆగస్టు 23, శనివారం

క్లయింట్‌కి నేరుగా రాసే పెట్టె ఒకటుంది ఆ సాఫ్ట్‌వేర్‌లో. మేం ముట్టుకోకూడదని రూలు. ముట్టుకున్నాను. నాలుగు ఇంగ్లీషు వాక్యాలు, ముప్పై నాలుగు బంతుల జాబితా. పంపినవారి పేరు అదే వేసుకుంది — కె. లక్ష్మి.

పంపాక అన్నం సయించలేదు.

ఆగస్టు 25

జవాబు లేదు.

ఆగస్టు 27, బుధవారం. చవితి.

పొద్దున్నే జాబితా వచ్చింది. ఉంచుకున్న రిసీవర్లు ఆరుగురు. కేలబ్ హార్లన్ ఉన్నాడు. కేలబ్ హెండ్రీ లేడు.

తీసేసినవాళ్ళలో కొందర్ని మళ్ళీ పిలిచి ప్రాక్టీసుకి ఉంచుకుంటారట. ఆ పేర్లు ఇంకా రాలేదు.

పూజలో కూర్చున్నానే గానీ ఒక్క ముక్క చెవికెక్కలేదు. నా ఉత్తరం చదివారా? చదివీ తీసేశారా? అత్తయ్య ఉండ్రాళ్ళ పళ్ళెం పట్టుకునే, "ముప్పై ఒకటి పట్టినోడికే చోటు లేదంటే, ఆ జట్టు నాశనమైపోను!" అంది. పండగపూట శాపనార్థాలేందని మా ఆయన కసిరాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఆగస్టు 28

చదివారు. కంపెనీకి రాశారట — ఇంకెన్ని పేర్లు ఇలా మార్చారో చెప్పమని. ఈ సంగతి నాకు చెప్పింది కంపెనీ కాదు. దాచేపల్లిలో ఉండే లక్ష్మి.

మూడు నెలల క్రితం చేరింది ఆ పిల్ల. నాతో పాటే రిసీవర్లు చూస్తుంది. భర్త సిమెంటు ఫ్యాక్టరీలో. తనూ కె. లక్ష్మే. ఏడుస్తూ ఫోన్ చేసింది. "అక్కా, హెచ్చార్ వోళ్ళు తిట్టారక్కా... నేనేదో పంపానంట... నాకా పెట్టె ఏడుందో కూడా తెల్దక్కా..."

"కంగారుపడకు. నేను మాట్లాడతాను" అన్నాను.

ఆగస్టు 29, శుక్రవారం

పొద్దుటి నుంచీ కూడగట్టుకుంటున్నాను. నేను చేసేలోపు సురేంద్రే చేశాడు.

"పంపింది మీరని నాకు తెలుసు లక్ష్మి గారూ. హెచ్చార్‌కి తెలీదు. అలాగే ఉండనివ్వండి. మిమ్మల్ని పిలిస్తే జాబితా ఎవరు చేశారన్నది కూడా వస్తది, ఎందుకు చెప్పండి? ఆ అమ్మాయి ఎలాగూ కొత్త. సోమవారం నుంచి ఆమె ఫైళ్ళు కూడా మీరే చూడండి. మిమ్మల్ని పర్మనెంటు చేయమని నేను రాస్తాను."

ఎంత నీచం. ఎంత తేలిగ్గా అన్నాడు! పది రోజులుగా మనసులో తిట్టిన తిట్లన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఇంతకంటే మంచి అదను ఎప్పుడొస్తుంది?

"సరే సర్" అన్నాను.

అవును. అదే అన్నాను.

వంటింట్లోంచి అత్తయ్య — "ఏమంటాడే ఆ సచ్చినోడు? కడిగేశావా?"

"కడిగేశాను అత్తయ్యా."

"మంచి పని జేశావు."

దాచేపల్లి నుంచి మూడు మిస్డ్ కాల్స్. ఇది రాస్తుండగానే నాలుగోది మోగుతోంది. ఎత్తితే ముందు అక్కా అంటుంది.