పిన్ని కంప్యూటర్‌కి జ్వరం

చిన్నాడికి అమ్మ ఆశీస్సులు.

కోడలి నడుం నొప్పి తగ్గిందా? పాప దగ్గు పోయిందా? నీ కడుపులో మంట ఎలా ఉంది? పిన్ని మోకాళ్ళ సంగతి సరే, అవెప్పుడూ ఉన్నవే. ఇంతకీ పిన్ని ఇంట్లో నువ్వు పెట్టిన కంప్యూటర్‌కి ఒంట్లో ఎలా ఉంది? దానికి కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, నీ ఫోనుకి కబురొస్తుందట, నువ్వు రిపేరు కొట్టు మూసి పరిగెత్తుతావట. ఈ నెల్లోనే మూడుసార్లు వెళ్ళావని నా చెల్లెలు వీధంతా టముకు వేస్తోంది. నేనేం కళ్ళలో నిప్పులు పోసుకోవడం లేదు. నువ్వు మాత్రం పని చెడగొట్టుకుని ఇటు రాకు. నేను బాగానే ఉన్నాను.

ఇట్లు,
మీ అమ్మ

తా.క. పాపం ఆ కంప్యూటర్‌కి దుమ్మూ చలీ తగలకుండా దూది పెట్టి గలీబు కుట్టి కిందటి నెల పిన్నికి పంపాను. సరిపోయిందో లేదో ఒక్క ముక్క రాయలేదు మహాతల్లి.

*

అమ్మకు నమస్కారాలు.

అందరం బాగున్నాం. ఆ పెట్టెలో మదర్‌బోర్డు అని ఒక పలక ఉంటుందమ్మా. వేడెంత, ఫ్యాను సరిగ్గా తిరుగుతోందా, కరెంటు సరిగ్గా అందుతోందా అని తన నాడి తనే చూసుకుంటుంది. తేడా వస్తే నాకు చెబుతుంది. ఎవరూ ముట్టుకోకపోతే కరెంటు ఖర్చు తగ్గించుకుని నిద్రపోతుంది. నీకూ అలాంటిదే పంపుతున్నాను. పాటలు విను, పాప ఫోటోలు చూసుకో.

నీ కొడుకు

తా.క. పిన్నిది ఎందుకు వేడెక్కుతోందో అంతుపట్టడం లేదు. ఫ్యాను రెండుసార్లు మార్చాను.

*

చిన్నాడికి అమ్మ దీవెనలు.

ఇంత దిక్కుమాలిన ఆరోగ్యం నేనెక్కడా చూడలేదు. నెలయింది, దీనికి ఒక్క తుమ్మన్నా రాలేదు. నేను గిన్నెలు తోముకొచ్చేసరికి హాయిగా నిద్ర. లేపితే లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. నాకేమో కునుకు పట్టదు. దాని మీద చెయ్యేసి చూస్తే నా నుదురే నయం, కాస్త వెచ్చగా ఉంది. పిన్నిది మొన్న మళ్ళీ మూలిగిందట, నువ్వెళ్ళి అక్కడే భోంచేశావట. దేనికైనా పెట్టి పుట్టాలి. నువ్వు రాకులే.

మీ అమ్మ

తా.క. గట్టిదాన్ని నాకిచ్చి రోగిష్టిదాన్ని పిన్నికిచ్చావు. నీకెవరు సొంతమో తెలిసిపోయింది.

*

అమ్మకు నమస్కారాలు.

దొంగ దొరికాడు. ఈసారి పిన్ని ఇంటికి చెప్పకుండా వెళ్ళాను. పెట్టెకి నిలువునా దూది గలీబు! గాలి ఆడే కంతలన్నీ మూసుకుపోయాయి. నేనొస్తున్నానని తెలిస్తే, నా రిపేరు చేతులు తగిలి మాసిపోతుందని పిన్ని దాన్ని తీసి బీరువాలో దాస్తోందట. ఎవరు కుట్టారంటే, "మీ అమ్మేరా, అక్కకి నేనంటే ఎంత ప్రేమో!" అంది. ఈ రెండు నెలలూ నన్ను పిన్ని ఇంటికి తోలింది నువ్వేనమ్మా! గలీబు తీయించాను. ఇక నాకు అటు వెళ్ళే పనే లేదు.

నీ కొడుకు

తా.క. పెట్టె వేడెక్కితే వేడెక్కానని చెబుతుంది. నువ్వేమో ప్రతి ఉత్తరంలో బాగున్నాను, రాకు అంటావు. నేను నమ్మేశాను.

*

చిన్నాడికి అమ్మ రాయునది.

నా నాడి నేనే చూసుకుని రాస్తున్నాను. కుడి మోకాలు వాచింది. ఎడమ చెవిలో ఫ్యాను తిరిగినట్టు ఒకటే హోరు. నిద్ర లేదు. నాలుగు నెలలైంది నిన్ను చూసి. రా.

మీ అమ్మ

తా.క. నీకు మళ్ళీ ఏ పనో అడ్డం పడుతుందేమోనని నా భయం. అందుకే ఆ గలీబు వెంటనే పంపమని పిన్నికి రాశాను. వచ్చే నెల ఏడో తారీకు, ఆదివారం, పొద్దున్న ఎనిమిదింటికి నా పెట్టెకి జ్వరం వస్తుంది.